మొటిమల మందు నడినెత్తికి చేరిన కథ

ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే బరంపురం కుటుంబాలకు మునగాకు రెండు పేర్లతో తెలుసు. మన మునగాకు కూరే పక్కింట్లో సజనా సాగ. ఆ ఆకులోని బీటా కెరోటిన్‌ను శరీరం విటమిన్-ఏగా మార్చుకుంటుంది. అది చాలకపోతే రేచీకటి. అందుకే 1970లో, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల బలంతో, ఏడాది నుంచి ఐదేళ్ల వయసు పిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల విటమిన్-ఏ ఇచ్చే జాతీయ కార్యక్రమం మొదలైంది.

అదే విటమిన్ నుంచి పుట్టింది ట్రెటినాయిన్. అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం 1969లో దీన్ని మొటిమలకు పూతమందుగా పరిచయం చేసింది. పాత చర్మకణాలు త్వరగా రాలి కొత్తవి వచ్చేలా చేయడం దీని పని.

జుట్టు సంగతి 1986లో తెర మీదికి వచ్చింది. గెయిల్ బజానో బృందం 56 మందిపై ట్రెటినాయిన్‌ను ప్రయత్నించింది. దాన్ని ఒక్కదాన్నే వాడినవారిలో 58 శాతం మందికి కొంత జుట్టు మొలిచింది. జుట్టు మొలిపించే పూతమందు మినాక్సిడిల్‌ను 0.5 శాతం కూడా కలిపి ఏడాది వాడినవారిలో 66 శాతం మందికి గట్టి వెంట్రుకలు వచ్చాయి. చిన్న అధ్యయనమే అయినా, అది వేసిన ప్రశ్న పెద్దది: ఈ రెండూ కలిస్తే ఏం జరుగుతోంది?

జవాబు రెండు చోట్ల దొరికింది. ట్రెటినాయిన్ చర్మపు పైపొరను పలచన చేసి మినాక్సిడిల్‌ను ఎక్కువగా లోపలికి పంపుతుంది. అసలు కిటుకు మాత్రం కుదుళ్లలో ఉంది. మినాక్సిడిల్ ఉన్న రూపంలో పనిచేయదు. కుదుళ్లలోని సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ దాన్ని మినాక్సిడిల్ సల్ఫేట్‌గా మార్చాలి. ఈ ఎంజైమ్ తక్కువగా ఉన్నవారు నెలల తరబడి రాసినా ప్రయోజనం ఉండదు. మినాక్సిడిల్ పనిచేయదని ముందే అంచనా వేసిన వారి తలకు ఐదు రోజులు ట్రెటినాయిన్ రాస్తే, 43 శాతం మందిలో ఎంజైమ్ చాలినంత పెరిగిందని 2019లో వెలువడిన అధ్యయనం చెప్పింది.

ఇక్కడే జాగ్రత్త పడాలి.

విటమిన్-ఏ మాత్రలు అతిగా మింగితే ఉన్న జుట్టే రాలిపోతుంది. రెటినాయిక్ ఆమ్లం కుదుళ్లను పెరుగుదల దశ నుంచి ముందుగానే విశ్రాంతి వైపు నెట్టగలదని ప్రయోగశాలలోనూ తేలింది. పూతమందు ఎక్కువైతే మాడు ఎర్రబడి, మంట పుట్టి, పొలుసులు రాలతాయి. గర్భిణులు దీనికి దూరంగా ఉండాలి. అందుకే దుకాణంలో అడిగి తెచ్చుకుని రాసుకునే మందు కాదిది. 1962లో మొదలైన బరంపురం మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల వంటి చోట చర్మవైద్యుణ్ణి కలిసి, జుట్టు రాలడం వంశపారంపర్యమా, రక్తహీనత వల్లా, థైరాయిడ్ వల్లా అని ముందు తేల్చుకోవాలి.

వంశపారంపర్యమే అయితే మినాక్సిడిల్, ట్రెటినాయిన్ జంట వల్ల ఒక చిన్న వెసులుబాటు ఉంది. 2007లో కొరియా వైద్యులు 31 మంది మగవారిని 18 వారాలు పరిశీలించారు. 5 శాతం మినాక్సిడిల్‌ను రోజుకు రెండుసార్లు రాసినవారికీ, అందులో 0.01 శాతం ట్రెటినాయిన్ కలిపి ఒక్కసారే రాసినవారికీ దాదాపు ఒకే ఫలితం వచ్చింది. పొద్దున్నే పనికి పరుగెత్తేవారికి ఈ మిశ్రమాన్ని రాత్రి పూట ఒక్కసారి రాస్తే సరిపోతుంది.