హైమ్ కప్పు, పార్డుబా కప్పు

ఒక చివర మూసిన గొట్టం బేసి అనుస్వరాలనే పలుకుతుంది: 1, 3, 5, 7. ఇంటర్ రెండో సంవత్సరంలో తరంగాల పాఠం చదివినవాళ్లకు ఈ సంగతి కంఠతా వచ్చి ఉంటుంది. ఒకసారి నేను ఆ పాఠం చెబుతుంటే వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. వాళ్ల నాన్న బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయిస్తారట. "సార్, ట్రంపెట్ కూడా ఒక చివర మూసిన గొట్టమే కదా? వాయించేటప్పుడు ఆ చివరను పెదాలే మూసేస్తాయి. మరి దాన్నుంచి 2, 4, 6 ఎలా వస్తున్నాయి?" అని అడిగింది.

ఇంత మంచి ప్రశ్న తరగతి గదిలో అరుదుగా వినిపిస్తుంది. దీనికి జవాబులో సగం ట్రంపెట్‌లో ఉంది. మిగతా సగం ఆ వాద్యకారుడి చొక్కా జేబులో ఉంటుంది. ఊరేగింపు బయల్దేరే ముందు అతన్ని గమనించండి. ట్రంపెట్ బ్యాండు యజమానిది కావచ్చు, ఎవరో వాడి ఇచ్చిన పాతది కావచ్చు. మౌత్‌పీస్ మాత్రం అతని సొంతం. జేబులోంచి తీస్తాడు, పంచె అంచుతో తుడుస్తాడు, ముందు ఉత్త మౌత్‌పీస్‌లోనే 'బుర్ర్' మని ఊది పెదాలను దారికి తెచ్చుకుంటాడు, ఆ తర్వాతే గొట్టానికి తగిలిస్తాడు. ప్రపంచంలో ఎక్కడి ట్రంపెట్ వాద్యకారుడైనా ఇంతే. ట్రంపెట్లు మారుస్తాడు గానీ మౌత్‌పీస్ ఒక పట్టాన మార్చడు.

ముందు లెక్క చూద్దాం. బి-ఫ్లాట్ ట్రంపెట్ చుట్టలు విప్పితే పొడవు సుమారు 1.4 మీటర్లు. అంతే పొడవున్న మామూలు మూసిన గొట్టం సుమారుగా 61, 184, 306, 429 హెర్ట్జ్‌ల దగ్గర అనునాదం చెందాలి. ట్రంపెట్ నిజంగా పలికేవి 233, 350, 466, 583 హెర్ట్జ్‌లు. అంటే 116.5ను వరసగా 2, 3, 4, 5తో గుణిస్తే వచ్చేవి. బేసి సంఖ్యల నిచ్చెన కాస్తా ఎక్కడో సరి, బేసి కలిసిన నిచ్చెనగా మారింది. మెట్లను జరిపినవి రెండు. ఒకటి ముందు విచ్చుకున్న బెల్, రెండోది వెనకున్న మౌత్‌పీస్.

బెల్ పని తేలికగానే అర్థమవుతుంది. కింది స్వరాల తరంగాలు పొడవైనవి. అవి బెల్ చివరిదాకా వెళ్లవు, విచ్చుకోవడం మొదలైన చోటే వెనక్కి తిరుగుతాయి. వాటి లెక్కలో గొట్టం పొట్టిది, కాబట్టి వాటి పౌనఃపున్యం పెరుగుతుంది. పొట్టి తరంగాలు ఇంకా ముందుకు పోయి తిరుగుతాయి, వాటికి ఈ పెరుగుదల తక్కువ. అలా కింది మెట్లు ఎక్కువగా, పై మెట్లు తక్కువగా పైకి జరుగుతాయి.

మౌత్‌పీస్ పనే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకుంటుంది. దాన్ని నిలువునా కోస్తే లోపల మూడు భాగాలు కనిపిస్తాయి: పెదాలు ఆనే అంచు కింద ఒక కప్పు, కప్పు అడుగున సన్నని గొంతు, గొంతు నుంచి మెల్లగా వెడల్పయ్యే బ్యాక్‌బోర్. మొత్తం పొడవు 9 సెంటీమీటర్ల లోపే. గొంతు వ్యాసం చాలా మోడళ్లలో 3.66 మిల్లీమీటర్లు, అంటే అమెరికన్ లెక్కలో 27 నంబరు డ్రిల్ బిట్టు పట్టేంత. ఖాళీ సీసా మూతి మీదుగా ఊదితే 'బూ' మంటుంది కదా, ఇదీ ఆ జాతిదే. కప్పులోని గాలి స్ప్రింగులా నొక్కుకుని సాగుతుంది, గొంతులోని గాలి బరువులా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుకు తనదైన పౌనఃపున్యం ఒకటి ఉంటుంది.

అది వినడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. మౌత్‌పీస్ అంచును అరచేతి మెత్తని చోట గబుక్కున ఆనించి కొట్టండి, 'టప్' మంటుంది. ఆ టప్పులో స్పష్టమైన శ్రుతి ఉంటుంది. మామూలు ట్రంపెట్ మౌత్‌పీస్‌కు అది 800, 900 హెర్ట్జ్‌ల చుట్టుపక్కల పలుకుతుంది. లోతైన కప్పయితే కిందికి, లోతు తక్కువైతే పైకి పోతుంది. రెండు మూడు మౌత్‌పీస్‌లు పక్కపక్కన పెట్టి వరసగా కొడితే సంగీతం రానివాళ్లకు కూడా తేడా తెలుస్తుంది.

ఇక అసలు కిటుకు. కింది స్వరాలకు మౌత్‌పీస్ ఆకారంతో పనిలేదు, అందులో ఎంత గాలి పడుతుందో అదే లెక్క. అంతే గాలి పట్టే మామూలు గొట్టం ముక్క ఎంత పొడవుంటుందో, మౌత్‌పీస్ పొడవు అంతే అన్నట్టు అవి నడుచుకుంటాయి. స్వరం పైకి పోయేకొద్దీ మౌత్‌పీస్ 'పొడవు' పెరుగుతూ పోతుంది. టప్పు శ్రుతి దగ్గర అది సరిగ్గా పావు తరంగ దైర్ఘ్యం ఉన్న మూసిన గొట్టంతో సమానం. 850 హెర్ట్జ్‌ల దగ్గర లెక్కిస్తే సుమారు 10 సెంటీమీటర్లు, అంటే దాని ఒంటి పొడవు కంటే ఎక్కువ! పై స్వరాలకు గొట్టం పొడుగైనట్టే కాబట్టి వాటి పౌనఃపున్యం తగ్గుతుంది. బెల్ కింది మెట్లను పైకి జరిపింది, మౌత్‌పీస్ పై మెట్లను కిందికి లాగింది. రెండూ కలిసి 2, 3, 4, 5, 6 అని సమంగా పేర్చాయి. మొదటి మెట్టు ఒక్కటే ఈ వరసలోకి రాదు, అందుకే దాన్ని ఎవరూ వాయించరు.

మౌత్‌పీస్ ఇంకో మేలు కూడా చేస్తుంది. తన టప్పు శ్రుతి చుట్టుపక్కల ఉన్న అనునాదాలకు బలమిస్తుంది. పై స్థాయి స్వరాల్లో పెదాలకు ఆసరా దొరికేది ఈ బలం వల్లే.

క్లీవ్‌లాండ్‌లో భౌతికశాస్త్రం బోధించిన ఆర్థర్ బెనేడ్ 1976లో వచ్చిన తన సంగీత ధ్వనిశాస్త్ర గ్రంథంలో ఈ విషయాన్ని ఎంతో అందంగా విప్పిచెప్పాడు. అందులో నాకు అపురూపంగా తోచే ఫలితం ఒకటుంది. రెండు మౌత్‌పీస్‌ల లోపలి ఆకారాలు వేరైనా, మొత్తం ఘనపరిమాణం, టప్పు శ్రుతి ఈ రెండూ కలిస్తే చాలు, వాద్యం శ్రుతి దాదాపు ఒకేలా ఉంటుంది. కప్పు గిన్నెలా గుండ్రంగా ఉండొచ్చు, గరాటులా ఉండొచ్చు. తయారీదారుకు ఇది గొప్ప స్వేచ్ఛ. శ్రుతి చెడకుండా నాదం రంగు మార్చుకోవచ్చు. పాత మౌత్‌పీస్‌ల లోకమంతా ఈ స్వేచ్ఛలోంచి పుట్టిందే.

ఆ లోకంలో రెండు కొసలు నాకు ఇష్టం. ఒక కొసన మైల్స్ డేవిస్, మరో కొసన హ్యారీ జేమ్స్.

గుస్టావ్ హైమ్ అని జర్మనీ నుంచి అమెరికా వచ్చిన వాద్యకారుడు ఉండేవాడు. బోస్టన్ సింఫనీలో ప్రధాన ట్రంపెట్ అతనిదే. అతని పేరు మీద వచ్చిన మౌత్‌పీస్‌లలో 2వ నంబరు కప్పు చాలా లోతు, అంచు పల్చన. దాన్ని చేతిలోకి తీసుకుని లోపలికి చూస్తే అడుగు ఎక్కడుందో చప్పున తెలియదు. అంచు నుంచి గొంతు దాకా గోడ ఒకే వాలుగా జారిపోతుంది. కప్పు ఇక్కడ అయిపోయింది, గొంతు ఇక్కడ మొదలైంది అని చెప్పడానికి పదునైన మలుపు కనిపించదు. సెయింట్ లూయిస్ సింఫనీ ట్రంపెట్ వాద్యకారుడు జోసెఫ్ గుస్టాట్ ఈ నమూనాను తన శిష్యులకు ఇప్పించేవాడు. నదికి అవతల ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో పెరుగుతున్న మైల్స్ డేవిస్ ఆయన దగ్గరికి పాఠాలకు వెళ్లాడు. అలా చేతికొచ్చిన హైమ్ 2ను తర్వాత దశాబ్దాల పాటు వదల్లేదు. దాన్ని మార్టిన్ కమిటీ ట్రంపెట్‌కు తగిలించేవాడు.

లోతైన కప్పులో గాలి ఎక్కువ, టప్పు శ్రుతి తక్కువ. పై అనుస్వరాలకు దక్కే బలం తగ్గుతుంది, నాదంలోని మెరుపు తగ్గి నీడ పెరుగుతుంది. 1959 నాటి 'కైండ్ ఆఫ్ బ్లూ' విన్నవాళ్లకు ఆ నీడ తెలుసు. ఇలాంటి కప్పుతో పై స్థాయిలో గంటలకొద్దీ వాయించడం కష్టం, అంచు పల్చన కాబట్టి పెదాలకు విశ్రాంతి కూడా తక్కువే. అయినా మధ్యస్థాయిలో ఒక స్వరాన్ని పట్టుకుని దాని చుట్టూ మౌనాన్ని నిలబెట్టే వాద్యకారుడికి ఇంతకంటే తగిన కప్పు లేదని నా నమ్మకం.

హ్యారీ జేమ్స్‌ది పూర్తిగా వేరే లోకం. తండ్రి సర్కస్ బ్యాండు నాయకుడు. కొడుకుకు హ్యారీ హాగ్ జేమ్స్ అని పెట్టిన పేరులో 'హాగ్' మైటీ హాగ్ సర్కస్‌ది. సర్కస్ డేరాలో ట్రంపెట్ జనం గోలను చీల్చుకుని వినబడాలి. తర్వాత బెన్నీ గుడ్‌మన్ బృందంలో, ఆపైన సొంత బృందంలో ఆ మెరుపు నాదమే అతని సంతకం. అతను వాడిన మౌత్‌పీస్ న్యూయార్క్‌లో జాన్ పార్డుబా చేసిన జంట కప్పుది. అంచు కింద ఒక కప్పు, దాని అడుగున ఇంకో చిన్న కప్పు. గోడ ఒక చోట మెట్టులా ఆగి మళ్లీ దిగుతుంది. పైన పెదాలకు చాలినంత చోటు, కింద గాలికి ఇరుకు. ఘనపరిమాణం పిసినారిగా ఉంచితే టప్పు శ్రుతి పైకి పోతుంది, నాదానికి పదునొస్తుంది. బెనేడ్ లెక్కలు అచ్చవడానికి ఎంతో ముందే పార్డుబా చేతులు ఆ సంగతి పట్టుకున్నాయి.

ఈ ఇద్దరి మధ్య పోటీ ఎవరూ పెట్టలేదు. కానీ పాత మౌత్‌పీస్‌లు సేకరించేవాళ్ల మధ్య లోతు గొప్పా, మెరుపు గొప్పా అనే వాదన తెగదు. భౌతికశాస్త్రం ఆ వాదనలో ఎవరి పక్షమూ తీసుకోదు, ఇద్దరూ ఏం కోల్పోయి ఏం సంపాదించారో మాత్రం చెబుతుంది.

మధ్యేమార్గానికి కొలతలు పెట్టినవాడు విన్సెంట్ బాక్. వియన్నా దగ్గర బాడెన్‌లో 1890లో పుట్టాడు, ఇంజనీరింగ్ చదివాడు, 1914లో అమెరికా వచ్చాడు. అతనూ బోస్టన్ సింఫనీలో వాయించినవాడే. ఒకసారి మరమ్మతుకిచ్చిన మౌత్‌పీస్ చెడిపోయి తిరిగొచ్చిందట, దాంతో తానే లేత్ ముందు కూర్చున్నాడని చెబుతారు. 1918లో న్యూయార్క్‌లో మొదలైన ఆ పని ఈనాటికీ ట్రంపెట్ వాద్యకారుల భాషగా నిలిచింది. అంకె కప్పు వెడల్పు చెబుతుంది, చిన్న అంకె అంటే పెద్ద కప్పు. అక్షరం లోతు చెబుతుంది, ఎ అన్నిటికంటే లోతైనది. నేర్చుకునేవాళ్ల ట్రంపెట్లతో వచ్చే 7సి వ్యాసం సుమారు 16.2 మి.మీ., 1సి వ్యాసం 17 మి.మీ. తేడా మిల్లీమీటరు కూడా లేదు. అయినా ఆ తేడా పెదాలకు కొండంత.

బాక్ ఫ్యాక్టరీ 1953 నుంచి న్యూయార్క్ పక్కన మౌంట్ వెర్నన్‌లో ఉండేది. ఆ ముద్ర ఉన్న పాత మౌత్‌పీస్‌ల కోసం వాద్యకారులు ఇప్పటికీ వెతుకుతారు. ఆ రోజుల ఇత్తడిలో మహత్తు ఉందని కొందరంటారు. నేను ఒప్పుకోను, మహత్తంతా వంపులోనే ఉంది. కప్పును చెక్కే కత్తి అరుగుతుంది, సానపడితే దాని వంపు వెంట్రుకవాసి మారుతుంది. 16.2 మి.మీ. వ్యాసమున్న కప్పును అంచు దగ్గర 0.3 మి.మీ. లోతు చేస్తే 62 ఘన మిల్లీమీటర్ల గాలి కొత్తగా చేరుతుంది. కప్పంతా కలిపి ఒక ఘన సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ కాబట్టి ఇది ఐదారు శాతం మార్పు. అందుకే ఒకే నంబరు ఉన్న రెండు పాత మౌత్‌పీస్‌లు రెండు రకాలుగా పలుకుతాయి, వాటిలో ఒకటి ఒకరి పెదాలకు అతికినట్టు కుదురుతుంది.

చికాగో సింఫనీలో 1948 నుంచి 2001 దాకా ప్రధాన ట్రంపెట్ వాయించిన అడాల్ఫ్ హెర్సెత్ కథ ఇంకోలా నడిచింది. 1952లో కారు ప్రమాదంలో పళ్లు పోయాయి, పెదవికి గాయమైంది. ఆ పెదవికి పెద్ద కప్పే నప్పింది. తర్వాత ఆర్కెస్ట్రాల వాళ్లంతా అటే మొగ్గారు. గొంతును 27 నుంచి 22 నంబరు డ్రిల్‌కు పెంచుకోవడం కూడా ఆ వర్గంలో అలవాటైంది. దాంతో రంధ్రం వైశాల్యం సుమారు 19 శాతం పెరుగుతుంది.

తర్వాతి చరిత్ర త్వరగానే చెప్పేయొచ్చు. బాక్ 1961లో కంపెనీని సెల్మర్‌కు అమ్మేశాడు. మేనార్డ్ ఫెర్గూసన్ తరం జెట్-టోన్ వంటి లోతులేని కప్పులతో ఆకాశాన్ని అందుకుంది. డేవ్ మోనెట్ చేసిన బరువైన మౌత్‌పీస్‌లు వింటన్ మార్సాలిస్ చేతికొచ్చాయి. ఇప్పుడు పాత మౌత్‌పీస్ లోపలి వంపులను స్కాన్ చేసి, కంప్యూటర్ లేత్ మీద నకలు తీస్తున్నారు. నకలు ఎంత బాగా వచ్చినా హైమ్ 2 కొన్నవాళ్లకు మైల్స్ నాదం రాదు. ఆ కప్పు ముందు అతని పెదాలు, నాలుక, ఊపిరి ఉన్నాయి.

మన పెళ్లి బ్యాండుల ఇత్తడి వాద్యాలకు మీరట్ పెట్టింది పేరు, అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. మీ ఊరి బ్యాండు షాపులోనో, తాతగారి పెట్టెలోనో పాత మౌత్‌పీస్ కనబడితే పక్కన పడేయకండి. దాని మీద అంకె, అక్షరం ఏమైనా ఉన్నాయేమో చూడండి, అరచేతికి కొట్టి శ్రుతి వినండి, ఫోన్‌లో ట్యూనర్ ఉంటే దాంతో కొలిచి రాసిపెట్టుకోండి. ఊదడం తేలికవుతుందని ఎవరైనా చెప్పినా సరే, గొంతులో డ్రిల్ మాత్రం పెట్టనివ్వకండి. తీసేసిన ఇత్తడిని తిరిగి అతికించే దారి లేదు.