మీట వేరు, తీగ వేరు

ఫరీదాబాదులో ట్రాక్టరు విడిభాగములు చేయు చిన్న కర్మాగారము నడుపుచున్న మా బావమరిది, మొన్నటి వేసవిలో నేను వారి యింటికి పోయినప్పుడు, భోజనమైన వెంటనే ఒక కాగితమును నా ముందుంచి, "బావా, ఈ రెండింటిలో ఏది కొనమంటావు?" అని యడిగెను. ఆ కాగితమున ఎవరో సలహాదారుడు రెండు సాఫ్ట్‌వేర్లను పక్కపక్క గడులలో నిలిపి, ధర, సౌలభ్యము, ఆదరణ అను శీర్షికల క్రింద నక్షత్రములు వేసియున్నాడు. ఒకటి వేర్వేరు యాప్‌లను ఒండొంటితో కలుపునది. రెండవది యింకను పుట్టని యాప్ ఎట్లుండునో ముందుగా గీసి చూపునది. నక్షత్రములలో రెండవదే నెగ్గినది. మంగలికత్తికిని నాగలికిని పదునులో పందెము పెట్టినట్లున్నదని నాకు నవ్వు వచ్చెను గాని, రెండును సాఫ్ట్‌వేర్లే, రెండును నెలచందాకు దొరకునవే, రెండును రంగురంగుల తెరలపై మెరయునవే యగుటచేత అతడు తికమకపడుటలో వింత లేదు.

అనుసంధానమనగా నేమో ఫరీదాబాదువారికి చెప్పుట సులభము. నేడు ఎస్కార్ట్స్ కుబోటాగా పేరు మార్చుకొనిన ఎస్కార్ట్స్ సంస్థ ట్రాక్టర్లకు ఈ యూరు పుట్టినిల్లు. ట్రాక్టరు వెనుకభాగమున పీటీవో యను ఇరుసు బయటికి పొడుచుకొని యుండును; దానికి సాధారణముగా 35 మిల్లీమీటర్ల వ్యాసము, ఆరు గాళ్లు, నిమిషమునకు 540 చుట్లు. ఈ మూడు లెక్కలును అందరు నొప్పుకొనినవి గనుక, రోటవేటరు చేసినవాడు ట్రాక్టరు చేసినవాని ముఖమెరుగకున్నను, రెండును పొలములో కలిసి పనిచేయును. ఒక సాఫ్ట్‌వేర్ తన లోపలి యంత్రమును దాచుకొని, ఇతరులు తగిలించుకొనుటకు మాత్రము బయటపెట్టు ఇట్టి ఇరుసునకే ఏపీఐ యని పేరు. జేపియర్ వంటి సేవలు అమ్మునది ఒకరి ఇరుసును మరియొకరి ఇరుసునకు తగిలించు గొట్టములను. పది యాప్‌లను రెండేసి చొప్పున కలుపవలెనన్న 45 గొట్టములు కావలయును. అన్నిటిని నడుమనున్న ఒక కూడలికి చేర్చినచో పది చాలును.

మా వాని కార్యాలయములో గుమాస్తా ఒకడు వాట్సాప్‌లో వచ్చిన ఆర్డరును ఎక్సెల్ పట్టికలో ఎక్కించి, దానిని చూచి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లు కట్టి, ఆ బిల్లును చూచి ఇ-వే బిల్లు నింపును. ఒకనాడు విడిభాగపు సంఖ్యలోని సున్నను రోమను అక్షరమైన 'ఓ'గా కొట్టుటచే, సరుకు నిండిన బండి సాయంత్రము దాక గేటుకడనే నిలిచిపోయినదట. ఈ రోగమునకు ఎంత సుందరమైన తెర గీసినను మందు కాదు. మూడు మార్లు వ్రాయుటను ఒక మారునకు తగ్గించుటయే మందు.

అట్లు తగ్గించుటలోని చిక్కును మన జీఎస్టీ ఇ-ఇన్వాయిస్ చక్కగా చూపును. 2020 అక్టోబరు 1న 500 కోట్లకు మించిన వ్యాపారముగల సంస్థలతో ఆరంభమైన ఈ నియమము 2023 ఆగస్టు 1 నుండి 5 కోట్లు దాటినవారికిని వర్తించుచున్నది. బిల్లు వివరములు వానిని నమోదు చేయు పోర్టలునకు చేరగా, అది 64 అక్షరముల గుర్తింపు సంఖ్యను, క్యూఆర్ కోడును తిరిగి పంపును. బిల్లు పంపిన క్షణముననే ఇంటర్నెట్టు తెగిన నేమి గతి? చేరినదో లేదో తెలియదు. మరల పంపినచో రెండు బిల్లులగునేమో యని భయము. అయితే ఆ 64 అక్షరములు ఎవరి యిచ్ఛవచ్చినట్లును పుట్టవు. అమ్మినవాని జీఎస్టీ సంఖ్య, ఆర్థిక సంవత్సరము, పత్రపు రకము, పత్రపు సంఖ్య, ఈ నాలుగింటిని నూరి తీసిన గణితఫలమే యది. నూరినవి మారనంత కాలము ఫలమును మారదు గనుక, రెండవమారు వచ్చిన బిల్లును పోర్టలు గుర్తుపట్టి త్రోసివేయును. అనుసంధానపు సాఫ్ట్‌వేర్ అమ్మవచ్చినవానిని మొదట అడుగవలసిన ప్రశ్న యిదియే: "మధ్యలో తెగినచో ఏమగును?" ఇంకొక మాట. లెక్కల సాఫ్ట్‌వేర్లలో పెక్కింటికి పోర్టలుతో మాటలాడు శక్తి యిదివరకే యున్నది. మా వానికిని ఉన్నది, అతడెన్నడును ఆ మీట నొక్కియుండలేదు!

ఇక రెండవ వస్తువు, పుట్టని యాప్‌ను గీసి చూపునది. పోత పోయుటకు ముందు ఫౌండ్రీవారు చెక్కతో పాటర్ను అను మాదిరిని చేయుదురు. పోత యినుము చల్లారునప్పుడు నూటికి సుమారు ఒక పాలు కుంచించుకొనును గనుక పాటర్నును ఆ మేరకు పెద్దదిగా చెక్కుదురు. పాటర్ను ఏ యంత్రములోను బిగింపబడదు. తప్పు చెక్కలో బయటపడిన నష్టము స్వల్పము, ఇనుములో బయటపడిన నష్టము ఘోరము. 2016లో అందరికి అందుబాటులోనికి వచ్చిన ఫిగ్మా యను సాఫ్ట్‌వేర్‌తో చేయు ప్రోటోటైప్, అనగా నమూనా, అట్టిదే: మీట నొక్కినచో తరువాతి తెర వచ్చును, వెనుక ఏ లెక్కయు జరుగదు.

కార్మికులు ఎవరి లేత్ కడ వారు, చేసిన ముక్కల లెక్కను ఫోనులో చెప్పుటకు మా వాడొక యాప్ కోరుచుండెను. దాని నమూనాను శ్రీకాకుళము నుండి వచ్చిన టర్నరొకని చేతికిచ్చితిమి. అతడు నూనె బొటనవ్రేలితో తెరను తడిమి, 'ఉత్పత్తి' యను మీటను కనులకు దగ్గరగా పట్టుకొని, "దీనికి కాళ్లు నరికేసినారేటి బాబూ?" అనెను. చూతుము గదా, రోమను అక్షరముల యెత్తునకు గీసిన పెట్టెలో పవత్తు, తవత్తు రెండును తెగి, 'ఉతతి' మిగిలినది. కంటికి మూడక్షరములైన ఆ మాట యూనికోడులో ఎనిమిది సంకేతములు. తలకట్టు పైకిని వత్తు క్రిందికిని చోటడుగు లిపి మనది. అరగంటలో దొరకిన ఈ తప్పు, యాప్ కట్టిన పిదప దొరకియున్నచో ప్రతి తెరను మరల కొలువవలసివచ్చెడిది.

ఈ రెండింటి భేదమును నక్షత్రములకన్న వాటి చందాబిల్లులు తేటగా చెప్పును. జేపియర్ ఎన్ని పనులు మోసినదో లెక్కించి సొమ్ము తీసికొనును. ఫిగ్మా గీయువారు ఎందరో లెక్కించి తీసికొనును, ఊరక చూచువారికి రుసుము లేదు. మొదటిది నడచుచుండగా ఖర్చు, రెండవది ఆలోచించుచుండగా ఖర్చు. ఏదైనను కొనునప్పుడు, రేపు విడిచిపోవలసివచ్చిన మన సొత్తు మన చేతికి వచ్చునా యని చూచుకొనవలెను. ఒకనాడు నమూనాల లోకమున వెలిగిన ఇన్‌విజన్ 2024 చివర తన రూపకల్పన సేవలను మూసివేసినది.

మా బావమరిది ఆ నెలలో రెంటిలో ఏదియు కొనలేదు. లెక్కల సాఫ్ట్‌వేర్‌లోని పాత మీటను నొక్కి పోర్టలునకు కలిపెను. తెరలను తొలుత పాత చలానాల వెనుకవైపున పెన్సిలుతో గీయించి, తరువాతనే ఫిగ్మా ఉచితపు ఖాతాలో ఎక్కించెను. 'ఉత్పత్తి' మీటకు ఇప్పుడు రెండు వత్తులును వచ్చినవి. దాని వెనుక తీగ యింకను తగిలింపలేదు గనుక, టర్నరు దానిని నొక్కి, తెర మారుటను చూచి, ముక్కల లెక్కను రిజిస్టరులోనే వ్రాయుచున్నాడు.