ఉదయం గింజా, పండూ కలిస్తే

పిల్లలూ! ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక తడిగుడ్డలో గుప్పెడు రాగులు, మరో తడిగుడ్డలో గుప్పెడు తెల్లబియ్యం మూటగట్టండి. గుడ్డలు ఆరకుండా నీళ్లు చల్లుతూ ఉండండి. రెండు మూడు రోజుల్లో రాగులకు మొలకలు వస్తాయి. బియ్యం నానుతాయే గాని మొలకెత్తవు. ఎందుకని?

ధాన్యపు గింజలో మూడు భాగాలుంటాయి. పైపొరలో పీచు పదార్థం, బి విటమిన్లు, ఇనుము వంటి ఖనిజాలు ఉంటాయి. ఒక కొసన ఉండే అంకురమే మొక్కగా ఎదుగుతుంది. లోపలి తెల్లని భాగంలో ఉండేది ఎక్కువగా పిండిపదార్థమే. మరలో బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టినప్పుడు పైపొర, అంకురం రెండూ తవుడుగా రాలిపోతాయి. తవుడు గేదెల దాణాలోకి, పిండి మన కంచంలోకి చేరతాయన్న మాట!

ఈ నష్టం చిన్నది కాదు. 1890 దశకంలో జావా దీవిలో పనిచేసిన హాలండు వైద్యుడు ఐక్‌మన్, పాలిష్ బియ్యపు అన్నం తిన్న కోళ్ల కాళ్లు చచ్చుబడటం గమనించాడు. తవుడు పోని బియ్యం పెడితే అవి కోలుకున్నాయి. మనుషులకు వచ్చే బెరిబెరి కూడా ఇలాంటి జబ్బే. ఒకప్పుడు మన కోస్తా జిల్లాల్లోనూ అది ఉండేది. తవుడులోని ఏదో పదార్థం లోపించడమే కారణమని 1901లో గ్రైన్స్ వివరించాడు. ఆ పదార్థమే బి1 విటమిన్. పిండిపదార్థం నుంచి శరీరం శక్తిని పొందాలంటే ఇది ఉండి తీరాలి. ఈ పరిశోధనకు ఐక్‌మన్ 1929లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

రాత్రి భోజనం తర్వాత పది పన్నెండు గంటలు మీ కడుపు ఖాళీగా ఉంటుంది. అందుకే ఉదయం ఏం తింటామన్నది ముఖ్యం. ముడి గింజలోని పీచు వల్ల జీర్ణక్రియ నెమ్మదిగా సాగి, గ్లూకోజు కొద్దికొద్దిగా రక్తంలో చేరుతుంది. రెండో పీరియడుకే నీరసం రాదు. మలబద్ధకం కూడా తగ్గుతుంది.

ఇక ఇనుము సంగతి చూద్దాం. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయాలంటే ఇనుము కావాలి. అది చాలకపోతే మెట్లెక్కినా ఆయాసమే, పాఠం మీద మనసూ నిలవదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15–19 ఏళ్ల బాలికల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. రాగులు, సజ్జల్లో ఇనుము ఉంది. కాని ఒక చిక్కు కూడా ఉంది. గింజలోని ఫైటిక్ ఆమ్లం ఆ ఇనుమును పట్టి ఉంచుతుంది. పేగులు దాన్ని సులభంగా పీల్చుకోలేవు.

ఈ ముడిని విప్పేది పండు! జామపండులోని సి విటమిన్ ఇనుమును పేగులు పీల్చుకోగల రూపంలో ఉంచుతుంది. 100 గ్రాముల జామలో సి విటమిన్ సుమారు 200 మిల్లీగ్రాములు. నారింజలో 50 మాత్రమే. అయితే గింజనూ పండునూ ఒకే పూట తినాలి. టీ ఇందుకు విరుద్ధంగా పనిచేస్తుంది కనుక దాన్ని తిండితో పాటు తాగకండి. గింజలను మొలకెత్తించినా, పిండిని పులియబెట్టినా ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది. రాత్రి పులియబెట్టిన అంబలిలో ఎంత విజ్ఞానం ఉందో చూశారా!

రాగి జావ, జొన్నరొట్టె, సజ్జరొట్టె, దంపుడు బియ్యపు అన్నం – ఏది దొరికితే అది తినండి. పక్కన ఒక జామపండో, బొప్పాయి ముక్కో ఉంచుకోండి. రసం తీస్తే పీచు పోతుంది కనుక పండును కొరికే తినండి. రక్తహీనత ఉన్నవారికి మాత్రం ఇదొక్కటే చాలదు. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రలు మానకండి, డాక్టరుకు చూపించుకోండి.

చివరగా మీకో ప్రశ్న. ఉప్పుడు బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టినా అందులో బి1 విటమిన్ చాలావరకు నిలుస్తుంది. ఎలా? వడ్లను పొట్టుతోనే నానబెట్టి ఉడికిస్తారనీ, బి1 నీటిలో కరుగుతుందనీ గుర్తుంచుకుని ఆలోచించండి!