స్కాన్ సీడీ తెరుచుకోవడం లేదా? ఫైళ్ల పేర్లు మార్చకండి

సీటీ, ఎంఆర్ఐ తీశాక ఇచ్చే సీడీని ఇంట్లో కంప్యూటర్‌లో పెడితే ఒక్కోసారి ఫొటోలు కనిపించవు. కొన్ని ఫైళ్ల చివర '.డీసీఎం' అని ఉంటుంది. కొన్నింటికి అదీ ఉండదు. సీడీ పాడైందని కంగారు పడొద్దు. ఇవి డైకామ్ ఫైళ్లు. సీడీలో ఫైల్ పేరు 8 అక్షరాలు మించకూడదు, ఎక్స్‌టెన్షన్ ఉండకూడదన్నది ఆ ప్రమాణంలోని నియమమే. ఫైల్‌లో మొదటి 128 బైట్ల తర్వాత 'డీఐసీఎం' అనే 4 అక్షరాలుంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని చూసి గుర్తుపడుతుంది.

అందుకే చివర '.జేపీజీ' తగిలించినంత మాత్రాన అది ఫొటో అయిపోదు. పైగా పేర్లు మారిస్తే సీడీలోని సూచిక ఫైల్‌కు అవి దొరకవు. ఇంకో డాక్టర్‌కి చూపించాలంటే మొత్తం ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసివ్వండి. అయితే వాటిలో రోగి పేరు, పుట్టినతేదీ కూడా ఉంటాయి. గ్రూపుల్లో మాత్రం పెట్టకండి.