ఊరి గాలి మీద ఊరికే హక్కు లేకపోతే

అమెరికాలో కంట్రీ సంగీతానికి పుట్టిల్లు లాంటి ఊరు టెనెసీ రాజధాని నాష్‌విల్. నేనిక్కడ పిల్లలకు కర్ణాటక సంగీతం చెబుతాను. నా దగ్గర వయొలిన్ నేర్చుకున్న కుర్రాడొకడు రాత్రిళ్లు ఓ బారులో బ్యాండుతో వాయించేవాడు. “శ్రుతి తప్పుతుందని కాదు టీచర్‌గారూ, పాట మధ్యలో దగ్గు వస్తుందని భయం” అనేవాడు. సిగరెట్ ముట్టని మనిషి, గంటల తరబడి ఎదుటివాళ్లు వదిలిన పొగ పీల్చేవాడు.

2007లో టెనెసీ చేసిన చట్టం ఆఫీసుల్లోనూ చాలా రెస్టారెంట్లలోనూ పొగతాగడం ఆపింది. 21 ఏళ్లు నిండినవాళ్లనే రానిచ్చే బార్లను మాత్రం వదిలేసింది. పిల్లలు రారు కదా అని కాబోలు. మరి అక్కడ గ్లాసులు అందించేవాళ్లు, వాయించేవాళ్లు, బారు మూశాక నేల తుడిచేవాళ్లు? పక్కవాళ్ల పొగ కొంచెం పీల్చినా ప్రమాదమేనని, గాలిని బయటికి పంపే ఏర్పాట్లు పెట్టినా అది పూర్తిగా పోదని అమెరికా సర్జన్ జనరల్ 2006లోనే తేల్చారు.

నన్ను అంతకన్నా బాధపెట్టింది ఇంకొకటుంది. ఆ బార్లలో పొగ ఆపాలని నాష్‌విల్ కౌన్సిల్ అనుకున్నా కుదిరేది కాదు. రాష్ట్ర చట్టాన్ని మించి ఏ ఊరూ గట్టి నిబంధన పెట్టకూడదన్నది అప్పటి నియమం. దీన్నే ఇక్కడ ప్రీఎంప్షన్ అంటారు. మన దేశంలో 2003 నాటి కేంద్ర చట్టం ఉండగానే, తెలంగాణ శాసనసభ 2024లో దాన్ని సవరించి హుక్కా పార్లర్లను నిషేధించగలిగింది. ఇక్కడి ఊళ్లకు ఆ దారి మూసేశారు.

ఎవరికి లాభం? ఊరూరా జనం ఎదుట నిలబడి వాదించడం సిగరెట్ కంపెనీలకు కష్టం. రాజధానిలో ఒక్క బిల్లులో ఒక్క వాక్యం పెట్టిస్తే చాలు, అన్ని ఊళ్ల నోళ్లూ మూతపడతాయి. ఒకప్పుడు ఆ కంపెనీల తరఫున పైరవీలు చేసిన మేరీలాండ్ మాజీ సెనేటర్ విక్టర్ క్రాఫోర్డ్, గొంతు క్యాన్సర్ వచ్చాక ఈ ఎత్తుగడలన్నీ బయటపెట్టి, 1996లో కన్నుమూశారు. ఊళ్లంటే వాళ్లకు భయం ఉట్టినే కాదు. కాలిఫోర్నియాలో శాన్ లూయిస్ ఒబిస్పో అనే చిన్న ఊరు 1990లోనే బార్లలో పొగ ఆపేసింది. రాష్ట్రమంతటా బార్లకు ఆ నిబంధన వచ్చింది 1998లో.

నాష్‌విల్‌లో చివరికి సంగీతకారులే కదిలారు. 2022లో టెనెసీ శాసనసభ ఈ బార్ల విషయంలో ఊళ్లకు అధికారమిచ్చింది. అదే ఏడాది కౌన్సిల్ నిషేధం తెచ్చింది, 2023 మార్చి 1 నుంచి అమలైంది. సిగార్ బార్లకు మినహాయింపు మిగిలిపోయింది. నాకది నచ్చలేదు.

పెన్సిల్వేనియాలో ఇంకా తలుపులు తెరుచుకోలేదు. అక్కడి 2008 చట్టం తిండి అమ్మకం తక్కువగా ఉన్న బార్లనూ, కేసినోల్లో కొంత భాగాన్నీ వదిలేసింది. ఫిలడెల్ఫియా తప్ప మరే ఊరూ అంతకన్నా గట్టి చట్టం చేసుకోకూడదంది. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే మనవాళ్లలో అక్కడ ఓటున్నవాళ్లు ఎందరో. మీ శాసనసభ్యుడి ఆఫీసుకు ఒక్క ఫోను చేసి, ఆ ఒక్క వాక్యం తీసేయమని అడగండి.