రేగుపండ్ల షర్బత్ ఎందుకు పొంగింది?

పోయిన ఎండాకాలం సీసా సంగతి మీరెవరూ మర్చిపోయి ఉండరు. తండా నుంచి నేను తెచ్చిన రేగుపండ్ల షర్బత్ సీసా మూత రాత్రిపూట టప్పుమని ఎగిరి, పెట్టెలో బట్టలు, నోటుబుక్కులు అన్నీ తడిసినయి. వార్డెన్ సారు వచ్చి వాసన చూసి "ఏం రా, సారా తెచ్చినవా?" అని అడిగారు. తండా పిల్లవాడి పెట్టెలో పులిసిన వాసన వస్తే ముందు ఆ మాటే వస్తుంది. సారు తర్వాత నమ్మారు గాని, మీరు పెట్టిన 'సారా సీసా' అనే పేరు మాత్రం నాకు దసరా దాకా పోలేదు. అందుకే ఆ సీసాలో అసలు ఏం జరిగిందో కనుక్కున్న. మా యాడి చేసే పద్ధతి, సైన్సు సారు చెప్పిన కారణం రెండూ కలిపి రాస్తున్న.

మన వర్ని దిక్కు నిజాంసాగర్ కాలువ నీళ్లు పారేచోట అంతా వరి. నీళ్లెక్కని గుట్టల పక్కన, గట్ల మీద రేగు పొదలు ఉంటయి. సంక్రాంతి నాటికి పండ్లు ఎర్రబడతయి. గంగరేగు కన్నా చిన్న రేగే మంచిది, పులుపు ఎక్కువ. పురుగు పట్టినవి ఏరేసి, బట్ట మీద పరిచి, ఊపితే గలగలమనేదాకా ఎండబెట్టాలి. మెత్తగా ఉండగా డబ్బాలో పోస్తే బూజు పడతది.

పావు కిలో ఎండుపండ్లు రెండుసార్లు కడిగి, లీటరున్నర వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున చూస్తే పండ్లు ఉబ్బి ఉంటయి. అదే నీళ్లతో అరగంట సన్న మంట మీద ఉడికించి, చల్లారినంక చేత్తో పిసకాలి. గింజలు పగలనీయొద్దు. పలుచని బట్టలో వడగడితే ఇటుక రంగు రసం దిగుతుంది. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తరు. తప్పు జరిగేది దీని తర్వాతే.

మా యాడి ఇందులో కొంచెం బెల్లం వేసి దించుతది. మా ఇంట్లో అది రెండు రోజులు కూడా మిగలదు, కాబట్టి చెడిపోయే మాటే లేదు. నేను దాన్నే సీసాలో పోసి నెల రోజులు దాచుకుందామనుకున్న. తప్పు యాడిది కాదు, నాది. గాలిలో, గిన్నెలకు, పండ్ల తోలు మీద ఈస్ట్ అనే కంటికి కనిపించని జీవి ఉంటది. ఉడికిస్తే చస్తది గాని, కడగని సీసాలో నుంచి మళ్లీ వస్తది. తీపినీళ్లు దొరికితే చక్కెరను తిని ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడు వాయువును వదులుతది. మూత ఎగరగొట్టింది ఆ వాయువు. అంటే సారు ముక్కు పూర్తిగా తప్పు చెప్పలేదు!

మరి అదే చక్కెర ఎక్కువ వేస్తే ఈస్ట్ ఎందుకు బతకదు? ఎండు ద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది, చిక్కటి చక్కెర నీళ్లలో వేస్తే ముడుచుకుంటుంది అని ద్రవాభిసరణం పాఠంలో చదివినం గదా. రాత్రి మన రేగుపండు ఉబ్బింది అందుకే. చిక్కటి పాకంలో పడ్డ ఈస్ట్‌కు దీనికి ఉల్టా అవుతుంది. దాని ఒంట్లో నీళ్లను పాకం గుంజుకుంటుంది, అది పెరగలేదు. కొన్న పండ్ల సిరప్‌లో నూటికి 65 వంతులు కరిగిన పదార్థం ఉండాలని 1955 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వులోనే ఉండేది. అందులో ఎక్కువ భాగం చక్కెరే.

ఈ లెక్క మన మెస్సు తక్కెడతోనే చేయొచ్చు. కిలో రసంలో కిలో చక్కెర వేస్తే మొత్తం రెండు కిలోలు. ఖాళీ గిన్నె బరువు ముందే రాసుకుని, లోపలిది కిలోన్నర అయ్యేదాకా మరిగించాలి. నీళ్లే ఆవిరై పోతయి, చక్కెర పోదు. కిలోన్నరలో కిలో చక్కెర, అంటే మూడింట రెండు వంతులు. తక్కెడ లేకపోతే వేళ్ల మధ్య జిగురు తగిలి, ఇంకా తీగ సాగకముందే దించాలి. తీగపాకం దాటితే సీసాలో చక్కెర గడ్డకడుతుంది. దించేముందు రెండు నిమ్మకాయలు పిండితే గడ్డకట్టడం తగ్గుతది, రుచి కూడా వస్తది.

బెల్లంతో చేయొద్దా అంటే, చేసుకోండి, కమ్మగా ఉంటది. కాని బెల్లంలో చక్కెరతోపాటు నీళ్లు, వేరే పదార్థాలు ఉంటయి కాబట్టి ఈ లెక్క కుదరదు. రెండు రోజుల్లో తాగేయాలి. దాచేదానికి చక్కెరే వాడాలి. చక్కెర అంటే బోధన్ గుర్తొస్తది. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వల్లనే అక్కడ శక్కర్‌నగర్ అనే పేరు వచ్చింది. 2015 డిసెంబర్‌లో అది మూతపడ్డది.

ఇంకో తమాషా. షర్బత్, సిరప్, శరాబు మూడూ అరబ్బీలో 'తాగడం' అనే అర్థమున్న ఒకే ధాతువు నుంచి పుట్టినయట. నన్ను ఏడిపించినవాళ్లు ఇది చదవాలె.

గాజు సీసాను నీళ్లలో ఉడికించి, ఆరబెట్టి, పాకం వేడిగా ఉండగానే పోయాలి. తడి చెంచా ముంచొద్దు. నీటిచుక్క పడ్డచోట పైన పాకం పలచబడి బూజు అక్కడే మొదలైతది. గ్లాసుకు రెండు పెద్ద చెంచాలు, కుండనీళ్లు, చిటికెడు ఉప్పు చాలు. కిలోన్నర పాకం సుమారు 35 గ్లాసులకు వస్తది. పచ్చి రేగులో విటమిన్ సి బాగా ఉంటది గాని ఎండలో, పొయ్యి మీద చాలావరకు పోతది, కాబట్టి దీన్ని మందు అనుకోవద్దు. వడదెబ్బ తగిలినోళ్లకు ఓ.ఆర్.ఎస్. నీళ్లే ఇవ్వాలి.

ఈ లెక్కతో చేసిన సీసా ఇప్పుడు వార్డెన్ సారు గది కిటికీలో ఉంది. పెట్టి ఇవాళ్టికి 41 రోజులు. మూత నేను తీయలేదు, సారే ఆదివారం తీస్తామన్నారు. గ్లాసులు తెచ్చుకోండి, చెంచా మాత్రం పొడిది తేవాలె.