ద్రవమార్గమున ఘన విద్యుద్విశ్లేష్యము

విద్యార్థులారా! ప్రయోగశాలలో మైలుతుత్తమును వేడిచేసి చూచియుందురు. నీలి స్ఫటికములను పరీక్షనాళికలో నుంచి కాచినచో, వానిలో దాగియున్న నీరు ఆవిరియై పోయి తెల్లని పొడి మిగులును. ఈ చిన్న ప్రయోగమును జ్ఞప్తియం దుంచుకొన్నచో, నేటి శాస్త్రజ్ఞులు క్రొత్త బ్యాటరీలకై చేయుచున్న కృషి సులభముగా బోధపడును.

మన చేతిఫోనుల బ్యాటరీలలో రెండు ధ్రువముల నడుమ ఒక ద్రవము కలదు. దానిని విద్యుద్విశ్లేష్యమందురు. లిథియము అయానులు దానిగుండా ఇటునటు ప్రయాణము చేయుచుండును. కాని ఆ ద్రవము మండు స్వభావము గలది. బ్యాటరీ నలిగినను, మితిమీరి వేడెక్కినను అగ్నిప్రమాదము సంభవింపవచ్చును. ఉబ్బిన బ్యాటరీని పిల్లల చేతి కీయరాదని తల్లిదండ్రులు గ్రహింపవలెను.

ద్రవమునకు మారుగా ఘనమును వాడినచో ఈ భయము చాలవరకు తగ్గును. అయితే ఘనములో అయానులు కదలుట కష్టము. గంధకముతో గూడిన కొన్ని ఘనములలో మాత్రము అవి చురుకుగా కదలును. పైగా ఈ ఘనములు మెత్తనివి. గట్టిగా అదిమినచో ధ్రువములకు చక్కగా అంటుకొనును.

వీనిని తయారుచేయుట యెట్లు? లిథియము సల్ఫైడు, ఫాస్ఫరస్ పెంటాసల్ఫైడు అను పొడులను గట్టి గుండ్లు గల పాత్రలో గంటల తరబడి నూరుట ఒక పద్ధతి. పెద్దయెత్తున చేయుటకు ఇది శ్రమతో గూడినది. రెండవది ద్రవమార్గము. అణువుల లెక్కన మొదటిది మూడు పాళ్ళు, రెండవది ఒక పాలు తీసికొని, టెట్రాహైడ్రోఫ్యూరాన్ అను ద్రావణిలో కలియబెట్టుదురు. అవి అందే సంయోగము చెంది తెల్లని మడ్డి యగును. మైలుతుత్తములో నీరున్నట్లే, ఈ మడ్డిలో ద్రావణి అణువులు చిక్కుకొనియుండును. సుమారు 140 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో అవి వెడలిపోగా, లిథియము థయోఫాస్ఫేటు అను ఘనము మిగులును. 2013లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వారు ఇట్లు సూక్ష్మరంధ్రములు గల ఘనమును చేసి, గది వేడిమియందు అయానుల ప్రసరణ సామాన్య ఘనములోకంటె వేయిరెట్లు హెచ్చినట్లు చూపిరి.

ఇందు చిక్కులును కలవు. ద్రావణి లేశమైనను మిగిలినచో అయానుల దారికి అడ్డుపడును. దానిని వెడలగొట్టుటకు మితిమీరి కాచినచో ఘనము నిర్మాణమే మారవచ్చును. కావున కలుపుటకంటె ఆరబెట్టుటయే కష్టము. ఇక నీటినే ద్రావణిగా వాడరాదా యందురేమో! నీరు తగిలినచో ఈ ఘనము చెడి, క్రుళ్ళిన గ్రుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు పుట్టును. అందుచే గాలిలోని తేమయు సోకని చోటనే ఈ పనియంతయు జరుగవలెను.

కాచిన మైలుతుత్తముపై నీటిబొట్టు వేసినచో పోయిన నీలిరంగు మరల వచ్చును. తేమ తగిలి చెడిన గంధకపు ఘనమున కట్టి భాగ్యము లేదు. ఈ భేదమును మరువకుడు. ద్రవమార్గములోని కష్టమంతయు ఇందే యున్నది.